పాత రోడ్డు మీద మెత్తటి గొంతు

బైపాస్ పడ్డాక పాత రోడ్డును పట్టించుకున్న నాథుడు లేడు. మేకలు, తూనీగలు, కారు నేర్చుకునేవాళ్ళు, అంతే దానికి మిగిలిన జనం. ఒక పక్క కాలువ, దాని పొడుగునా రెల్లు. డ్రైవింగ్ మాస్టారికి ఆ రోడ్డే బడి.

ఒక సాయంత్రం ఆయన భార్య, తాను కుట్టిన కర్టెన్లు రోడ్డు చివర పిన్నిగారింట్లో ఇచ్చి రావాలని కారు వెనక సీట్లో కూర్చుంది. స్టీరింగు దగ్గర మందుల షాపు ఆవిడ. పక్కన మాస్టారు.

"మెల్లగానమ్మా, తొందరేం లేదు. అదిగో, ఆ కొంగ ఎగిరేదాకా ఆగుదాం," అన్నాడాయన.

వెనక సీట్లో భార్యకు ఒళ్ళు మండిపోయింది. ఈ గొంతు ఎవరిది? ఇంట్లో ఉప్పు డబ్బా అడిగినా వీధి చివరికి వినపడాల్సిందే కదా. ఒకప్పుడు తనకూ కారు నేర్పబోయాడు. "అవి కళ్ళా, చొక్కా గుండీలా?" అని మూడో రోజుకే అరిచాడు. ఆమె తలుపు తీసుకుని దిగి, ఇంటిదాకా నడిచిపోయింది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటే ఈయనే.

మందుల షాపు ఆవిడ గేరు తప్పు వేసింది. కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"పరవాలేదు, ఇంజనుకీ కాస్త విశ్రాంతి," అని ఆయన నవ్వి, ఈలోగా రెల్లు మీద వాలిన లకుముకి పిట్టను చూపించాడు.

ఆయనకు పిట్టల పేర్లు తెలుసన్న సంగతి భార్యకు ఆ రోజే తెలిసింది. మందుల షాపు ఆవిడ మీద ఆమెకు అనుమానమేమీ లేదు. పాపం, ఇద్దరు మనవళ్ళున్న మనిషి. తన కుళ్ళంతా ఆ గొంతు గురించే. ఇన్నేళ్ళూ తనకు దక్కాల్సింది ఊళ్ళోవాళ్ళకు పంచిపెడుతున్నాడు.

ఇల్లు చేరగానే అడిగేసింది. "రేపు నాకు నేర్పండి. బయటివాళ్ళకి నేర్పినట్టే నేర్పాలి. పిట్టల్ని కూడా చూపించాలి."

మర్నాడు ఆయన మాట తప్పలేదు. "మెల్లగానమ్మా, తొందరేం లేదు," అన్నాడు. ఆమెకు కడుపు నిండింది. కానీ కారు ఎంతకూ జోరందుకోదు. ఏమిటా అని కిందికి చూస్తే, ఆయన కాళ్ళ దగ్గరా ఒక బ్రేకు ఉంది. ఆయన కాలు దాని మీదే ఉంది.

"ఆ కాలు ఎప్పుడూ అక్కడేనా?"

"నేర్చుకునేవాళ్ళని ఎవడు నమ్ముతాడు? కాలు బ్రేకు మీదుంటే భయం ఉండదు. భయం లేకపోతే గొంతు దానంతటదే మెత్తబడుతుంది."

"మరి అప్పుడు నాకు నేర్పినప్పుడు?"

ఆయన కాలువ వైపు తిరిగాడు. "నీ చెయ్యి కుదురుగా ఉంది. రెండో రోజే కాలు తీసేశా. ఇక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నా. అరవక ఏం చేస్తాను?"

ఆమెకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ ముక్క అప్పుడే చెప్పి ఉంటే ఏం పోయింది ఈ మనిషికి? మందుల షాపు ఆవిడకు దక్కిన తీపి మాటలన్నీ ఒక్కసారిగా చప్పబడిపోయాయి.

"కాలు తీయండి."

"తీస్తే నోరు ఊరుకోదు."

"తీయండి."

తీశాడు. కారు ముందుకు ఉరికింది. మలుపులో మేక అడ్డొచ్చింది.

"ముందు చూడవే తల్లీ, చంపేస్తావా ఏంటి," అని కాలువ అవతలికి వినపడేలా అరిచాడు.

బ్రేకు ఆమే వేసింది. మేక తీరిగ్గా దాటుతుంటే ఆమె ఓరకంట ఆయన వైపు చూసింది. ఆయన కాళ్ళు రెండూ సీటు కిందికి ముడుచుకుని ఉన్నాయి.