మూడో తాళం

తుకారాం బండి తెచ్చేసరికే నాకు సంగతి తెలుసు. కల్పలత మేడం పొద్దున తొమ్మిదింటికే ఫోన్ చేసింది.

"సైలస్, రెండు తాళాలే ఎక్కించండి. నాదొకటి, కొత్తదొకటి. తుకారాం దగ్గరున్నది వద్దు. రేపట్నుంచి వేరే డ్రైవర్‌ని పెట్టుకుంటున్నా. ఆయనకు మాత్రం ఏం చెప్పకండి ప్లీజ్."

నేను చిలకలగూడలో తాళాల పని చేస్తాను. మా నాన్న యేసురాజు ఇదే కొట్టులో ముప్పై ఏళ్లు ఆకురాయి పట్టాడు. ఇప్పుడు ఆకురాయి మూలన పడింది, దాని చోట లాప్‌టాప్ వచ్చింది. బయటి దేశం నుంచి దిగిన కార్లకు రిమోట్ తాళం చెయ్యాలంటే సికింద్రాబాద్‌లో చాలామంది నా పేరే చెప్తారు. ఆ పేరు తెచ్చుకోవడానికి నేను పడిన తిప్పలు నాకే తెలుసు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఈ ఉపాయం ఆమెకు ఇచ్చింది నేనే. స్పేర్ తాళం కావాలని నెల కిందట ఆమె ఫోన్ చేసినప్పుడు, "ఇంట్ల ఉన్న తాళాలన్ని పంపాలె మేడం. కొత్తది ఎక్కించేటప్పుడు మెషిన్‌కు చూపియ్యనిదాన్ని బండి మర్చిపోతది" అన్నాను. ఇది నేను అందరికీ చెప్పే మాటే. ఆమె మాత్రం, "అంటే, చూపించనిది ఇంక పనిచెయ్యదా?" అని అడిగింది. చెయ్యదన్నాను. ఆ సాయంత్రమే బండి కాగితాలన్నీ వాట్సాప్‌లో పంపింది. కొత్త తాళం సముద్రం దాటి ఆమె ఇంటికి రావడానికి మూడు వారాలు పట్టింది.

తుకారాం బండిని కొట్టు ముందు ఆపి, దిగి, అద్దం మీద పడిన వేపాకును రెండు వేళ్లతో తీసేశాడు. యాభై దాటిన మనిషి. ఆ ఇంట్లో పదహారేళ్ల నుంచి డ్రైవరు. ఈ బండిని తెప్పించిన సారు రెండేళ్ల కిందట పోయాడు. బండి వచ్చిన రోజున ఒక తాళం భార్యకు, ఒకటి తుకారాంకు ఇచ్చాడట. తొమ్మిదేళ్లుగా ఆ తాళం అతని జేబులోనే ఉంది.

"మూడు తాళాలు నా చేతికే ఇచ్చి పంపిన్రు సైలసన్నా" అన్నాడు, కవరు నా బల్ల మీద పెడుతూ. "ఆమెది, కొత్తది ఈ కవర్ల ఉన్నయి. నాది జేబుల ఉన్నది. గింత కీమతు బండి, వేరేటోళ్ల చేతిల పెడ్తరా?"

అప్పుడే చెప్పేయాల్సింది. కవరు విప్పి తాళాలు తీశాను.

మా నాన్న దగ్గరికి అప్పుడప్పుడూ సబ్బుబిళ్ల మీద దొంగచాటుగా తాళం అచ్చు వేసుకుని వచ్చేవాళ్లు. ఆయన ఆ సబ్బును ముట్టుకునేవాడు కూడా కాదు. "తాళం తే, తాళమున్న మనిషిని తే" అని పంపేసేవాడు. నేను చేస్తున్నది దొంగపని కాదని మనసుకు నచ్చజెప్పుకున్నాను. ఆర్‌సీ ఆమె పేరు మీదికి మారింది, ఆధార్ ఉంది, బండి ఆమెది. ఎవరి దగ్గర తాళం ఉండాలో ఆమె ఇష్టం. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా ఎందుకో సబ్బు వాసనే తగిలింది నాకు.

"నీ తాళం బల్ల మీద పెట్టు అన్నా. బండిల ఉంటే సిగ్నల్ కలుస్తది" అన్నాను. అతను వెంటనే జేబులోంచి తీసి పెట్టాడు. రింగుకు ఇంకో చిన్న తాళం వేలాడుతోంది.

"ఇది మా రూమ్‌ది. బోయిన్‌పల్లిల" అన్నాడు. "రెండు కలిపి పెట్టుకుంట. ఒకటి మర్చిపోతే ఇంకోటి యాదికొస్తది."

స్టీరింగ్ కింద వైరు తగిలించాను. బండి జ్ఞాపకంలో ఎన్ని తాళాలున్నాయో తెర మీద కనబడింది: రెండు. మేడం తాళం చూపించాను, తీసుకుంది. కొత్తది చూపించాను, తీసుకుంది. ఇంకా ఉన్నాయా, చాలా అని అడిగింది. మెషిన్‌కున్నపాటి మర్యాద నాకు లేకపోయింది. బల్ల వైపు చూడకుండా చాలని నొక్కాను. మళ్లీ లెక్క చూపించింది: రెండు. చూసేవాళ్లకు ఏమీ మారలేదు.

ఈలోపల తుకారాం హోటల్ నుంచి రెండు గ్లాసుల చాయ్ పట్టుకొచ్చాడు, ఒకటి నాకు. సిగ్గులేకుండా తాగాను.

"అయిపోయిందా?" అంటూ బల్ల మీది తన తాళం తీసుకుని నొక్కాడు. బండి పలకలేదు. ఇంకా దగ్గరికి పోయి నొక్కాడు. తాళాన్ని తొడకేసి దులిపి మళ్లీ నొక్కాడు.

"బ్యాటరీ అయిపోయినట్టున్నది. జెర మార్చన్నా."

నేను మార్చాను. ఏమనుకున్నా అనుకోండి, మార్చాను. మూత తీసి, పాత బిళ్ల తీసి, కొత్త బిళ్ల పెట్టి, మూత నొక్కి ఇచ్చాను. తాళం మీద ఎర్ర లైటు వెలిగింది. అతని ముఖం విప్పారింది. బండి మాత్రం పలకలేదు.

అప్పుడు రిమోట్ లోపల దాచి ఉండే ఇనుప తాళం బయటికి లాగి, తలుపు దానితో తెరిచాడు. అది తెరుచుకుంటుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సీట్లో కూర్చుని బటన్ నొక్కాడు. ఎదురుగా తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఆ తెర మీద వచ్చే గుర్తులన్నీ అతనికి తెలుసు. ఆయిలు, టైరు గాలి, సీటు బెల్టు. దీన్ని మాత్రం తొమ్మిదేళ్లలో చూడలేదు.

"ఏమంటుందన్నా ఇది?"

"తాళం గుర్తుపట్టలేదంటుంది."

"కొత్త బ్యాటరీ ఏస్తివి కద."

"బ్యాటరీ కాదన్నా" అన్నాను. "మేడం రెండే ఎక్కియ్యమన్నరు. రేపట్నుంచి వేరే డ్రైవర్ వస్తడట."

అతని వేలు బటన్ మీదే ఉంది. నా వైపు తిరిగి అడిగాడు. "ఎప్పుడన్నరు?"

"పొద్దుగాల. తొమ్మిదింటికి."

"తొమ్మిదింటికి నేను బండి కడుగుతున్న. బాల్కనీల నిలబడి ఫోన్ మాట్లాడుకుంట నన్నే చూస్తుండె. ఫోన్ పెట్టేసి, టిఫిన్ తిని పో తుకారాం అన్నది." వేలు తీసేశాడు. "చెప్తే నేనే ఇస్తుంటి కదన్నా. తాళం ఎత్కపోతనా?"

ఆమె మీద నాకు ఒళ్లు మండింది. ఆ వెంటనే నా మీద ఇంకా మండింది. ఆమె టిఫిన్ పెట్టి దాచింది, నేను చాయ్ తాగి దాచాను. నేనేం తక్కువ తిన్నాను?

"ఆ రెండు తాళాలు నేను ముట్ట" అన్నాడు. "బండి నువ్వే తోలు. ఇంటిదాక వస్త."

పక్క సీట్లోకి జరిగి కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. పద్మారావు నగర్‌లో ఆ ఇంటి వీధిలోకి తిప్పాను. గేటు కనబడగానే ముందుకు వంగాడు.

"గేటు కాడ ర్యాంపు ఎత్తుంటది. సీద పోతే కింద తగుల్తది. జెర అడ్డంగ ఎక్కియ్."

అడ్డంగా ఎక్కించాను. తగల్లేదు.

మేడం కిందికి వచ్చింది. నన్ను స్టీరింగ్ ముందు చూసింది. రెండు తాళాలూ తీసుకుని, తుకారాంను కాకుండా నన్ను అడిగింది. "ఆయన దగ్గరున్నది?"

"అది ఇంక పనిచెయ్యదు మేడం."

"అయినా ఇచ్చేయమనండి."

అతను అప్పటికే రింగు విప్పుతున్నాడు. బోయిన్‌పల్లి తాళం బయటికి రావడం లేదు, రింగు బిగుసుకుపోయింది. గోరు లోపలికి దూర్చి తంటాలు పడుతున్నాడు. నాకు ఒక్క క్షణం పని. చెయ్యి చాపాను. నా చేతికివ్వలేదు. చివరికి ఊడింది. బానెట్ మీద పెడితే గీత పడుతుందనేమో, ఆ తాళాన్ని గోడ మీద పెట్టి, బయటికి వెళ్లి గేటు దగ్గరికి వేసి పోయాడు.

"నీట్‌గా చేశారు సైలస్" అంది మేడం. "మా ఫ్రెండ్స్‌కు మీ నంబర్ ఇస్తా."

ఇచ్చింది. నెల తిరక్కుండా రెండు బండ్లు వచ్చాయి. రెంటికీ ముందు ఫోన్ వచ్చింది, తర్వాత డ్రైవరు వచ్చాడు. వచ్చిన వాడికి రాగానే చెప్పేయాలని రెండుసార్లూ అనుకున్నాను. ఇద్దరూ తమ తాళం బ్యాటరీ అయిపోయిందనుకున్నారు. మార్చి ఇచ్చాను.