సాన పట్టిన చెయ్యి

కోడుమూరు బజారులో మా ఆయన వీరభద్రాచారి చెక్కిన తాళిబొట్టంటే ఒక పేరు. ఎండలో పెడితే గీత గీతా మెరుస్తుందనీ, ఆచారి చేతిలో ఏదో మహత్తు ఉందనీ చుట్టుపక్కల పల్లెల వాళ్లు చెప్పుకునేవారు. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ మెరుపు నాది.

చెక్కే ఉలి పెద్ద వస్తువేం కాదు. అరచేతిలో ఇమిడే కట్టెపిడి, దానికి వేలెడు పొడవు ఉక్కుముక్క. ఉన్న విద్యంతా దాని కొనలోనే. ఆ కొనను సానరాయి మీద నూనె చుక్క వేసి ఒకే వాలులో రుద్దాలి. చెయ్యి వెంట్రుకవాసి ఒరిగినా వాలు చెడుతుంది. తర్వాత తోలుపట్టీ మీద మెరుగు పెట్టాలి. కొన అద్దంలా ఉంటేనే గీత అద్దంలా వస్తుంది, కొన గరుకుగా ఉంటే గీత బూడిదరంగు తేలుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో మా మామ నాకు నేర్పించాడు. మా ఆయనకు ఓపిక లేదు, అదరాబాదరాగా రుద్దేసేవాడు. అప్పటినుంచీ సాన పని నాదే. "నువ్వు సాన పట్టకుంటే నా చెయ్యీ కట్టే ఒకటే లేవే" అనేవాడు. అనేది వంటింట్లో. అంగట్లో ఎప్పుడూ అనలేదు.

కిందటేడు ఎండాకాలంలో గుండెపోటుతో పోయాడు. కర్మలు ముగిసిన మర్నాడు ఇక బొట్లు చెక్కే పని తన చేతికి తీసుకున్న మరిది పరమేష్ సామాన్ల పెట్టెను అంగడికి మోసుకుపోతుంటే, ఉలులకు సాన పట్టి ఇస్తానుండమని చెయ్యి చాపాను. అతని భార్య అనసూయ పెట్టెకు అడ్డం వచ్చింది.

"వద్దక్కా. మాంగల్యం చెక్కే సామాన్లు. నువ్వింక ముట్టగూడదు."

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో కోపం లేదు, చెడ్డతనం లేదు. పొయ్యి కాలుతుంది, ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు ఇంకా మండింది.

రెండు నెలలు గడవకముందే పరమేష్ మా వెనకవాకిలి తట్టాడు. మిట్టమధ్యాహ్నం, వీధంతా తలుపులేసుకుని కునుకు తీసే వేళ. టవల్లో చుట్టిన ఉలులు నా ముందు పెట్టాడు.

"గీతలు నల్లగా వస్తాండాయి వదినా. ఒకాయన బొట్టు వాపస్ తెచ్చి మొగాన పడేసినాడు. కొంచెం సాన పట్టియ్యి. ఇంట్లోవాళ్లకు తెలుసులే, బయటోళ్లకు మాత్రం తెలీగూడదు."

అవే ఉలులు తీసి అతని మొహాన కొట్టాల్సింది. కొట్టలేదు. పని లేక నా చేతులు గుంజుతున్నాయి. సానరాయి మీద ఉక్కు పాకే చప్పుడు వినగానే, ఆయన పోయాక మొదటిసారి నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పటినుంచీ దొంగలా తెచ్చి ఇచ్చేవాడు, దొంగలా పట్టుకుపోయేవాడు. కొన్నాళ్లకు సణుగుడు మొదలుపెట్టాడు.

"అన్న ఉన్నప్పుడు పదును శానా దినాలు నిలబడతాండె. ఇప్పుడు రెండు బొట్లకే పోతాంది. వయసు మీద పడె గదా వదినా, నీ చెయ్యి గూడా పోయినట్టుండాది."

ఆడలేక మద్దెల ఓడన్నాడట అని పైకి నవ్వాను. లోపల భయం పట్టుకుంది. మొగుడు పోయాడు, పేరు ఎప్పుడూ నాది కాదు, నాకు మిగిలింది ఈ చెయ్యొక్కటే. అదీ పోయిందంటే ఇంక నేనెవరిని? కర్నూలుకు పోయి కళ్లు చూపించుకున్నాను. కొత్త అద్దాలు పెట్టుకున్నాను. సానరాయి మార్చాను. పట్టిన ప్రతి కొననూ బొటనవేలి గోటి మీద ఆనించి చూసేదాన్ని. జారితే మొద్దు, కరిస్తే పదును. ప్రతిసారీ కరిచేది. అయినా నన్ను నేనే నమ్మడం మానేశాను.

ఈ ఏడు పరమేష్ కూతురు సుచరితకు పెళ్లి కుదిరింది. నాకు పిల్లల్లేరు. అది నా ఒళ్లోనే పెరిగింది. నేను సాన పడుతుంటే పక్కన కూర్చుని రాయి మీద నూనె చుక్కలు వేసేది. దాని బొట్టు చెక్కడానికి పరమేష్ ఉలి తెచ్చాడు.

"బాగా పట్టు వదినా. ఇది మనింటి బొట్టు."

పిడి వదులైంది. బిగిద్దామని ఊడబెరికాను. లోపల తొర్రలో తడి పసుపు ముద్దకట్టి ఉంది. ఉక్కు మొదట్లో తుప్పు పొలుసులుగా లేచింది. కొనను కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తే, దాని నిండా సూదిమొనంత తుప్పు గుంతలు. ఇన్నాళ్లూ వాడకానికి వచ్చిన గరుకే అనుకుని రుద్దేశాను.

"ఇదేందప్పా పరమేషూ? పసుపు నీళ్లల్లో కడుగుతాండారా?"

నేల చూపులు చూశాడు.

"ఈడ్నించి తీస్కపోయినాక ఉప్పూ పసుపూ కలిపిన నీళ్లల్లో నానబెట్టి దేవుని గూట్లో పెడ్తాం. ఊరికే, మనసు శాంతికి."

"ఎవురి మనసుకు? సాన పట్టేది నేనని గిరాకీలకే తెలీదు గదా."

ఉలులు చుట్టి తెచ్చిన టవల్ను మడతపెట్టాడు.

"సుచరిత, వదినా. పెండ్లి కావల్సిన పిల్ల, దానికి భయం. పెద్దమ్మ చెయ్యి తగిలినేవి కడక్కుండా బొట్టు చెక్కొద్దు నాయనా అనింది. అదే కడుగుతాది."

నా చెయ్యి పోలేదు. సిగ్గు లేకుండా ముందు ఆ సంతోషమే కలిగింది. ఆ వెనకే మిగతాదంతా అర్థమైంది. పరమేష్ ముందే ఏడ్చాను.

తర్వాత కళ్లు తుడుచుకుని సాన పట్టాను. తుప్పు గుంతలు పోయేదాకా అరగదీసి, వాలు తెచ్చి, తోలు మీద మెరుగు పెట్టాను. నా జన్మలో ఏ ఉలికీ అంత బాగా పెట్టలేదు. అప్పుడు వంటింట్లోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాను. ఉప్పేసి, పసుపేసి కలిపి, పరమేష్ చూస్తుండగానే ఉలిని అందులో వేశాను.

"ఇట్లే నానబెట్టుకోని పోప్పా. పెండ్లికూతురికి శ్రమ ఎందుకు?"

చెంబు పట్టుకుని వెనకవాకిలి గుండానే పోయాడు. మళ్లీ రాలేదు.

పెళ్లిలో బొట్టు పళ్లెం వరసవరసకూ తిప్పారు. అందరూ తాకి దండం పెట్టుకున్నారు. నా దాకా వచ్చేసరికి అనసూయ పళ్లేన్ని అవతలి వరసకు మళ్లించింది. ఆలోపలే నేను చూశాను. అన్నీ ఒకే లోతు గీతలు, కర్నూలు షోరూములో మిషను చెక్కినవి. తరతరాలుగా ఊరికి తాళిబొట్లు చెక్కిన ఇంట్లో కొనుక్కొచ్చిన బొట్టు. ఆ మిషను నడిపిన మనిషి ఆడో మగో, ఆడమనిషైతే మొగుడు ఉన్నాడో పోయాడో ఎవరూ అడగలేదు. సుచరిత దాన్ని కడగకుండానే కట్టించుకుంది.