పడవ మంచం ఉన్న ఇల్లు

"జనం ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు ఇంటివాళ్లు కనబడకూడదట. నువ్వూ మాతో వచ్చెయ్," అన్నాడు క్లేటన్, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ.

మారెన్ అప్పటికి కొడుకు గస్ పడవ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పడవ అంచుకు పిల్లాడు రాసిన పీనట్ బటర్ మరకను తడిగుడ్డతో రుద్దుతోంది. "మీరు వెళ్లండి. నేను ఇంకాస్త సర్ది, అటునుంచి అటే బజారుకు పోతాను," అంది.

"ఇంకా ఏం సర్దుతావ్? వాళ్లొచ్చేది ఇల్లు చూడ్డానికి, నీ తడిగుడ్డను చూడ్డానికి కాదు," అని నవ్వి, అతను గస్‌నీ కూతురు ఇంగ్రిడ్‌నీ కారెక్కించుకుని అన్నగారి కేబిన్‌కు వెళ్లిపోయాడు.

డులూత్ ఊళ్లో ఆ వసంతంలో గ్రంథాలయం వాళ్లు పిల్లల పుస్తకాల కోసం ఒక సందడి తలపెట్టారు. టికెట్ కొన్నవాళ్లు ఊళ్లో ముచ్చటగా అలంకరించుకున్న ఇళ్లు తిరిగి చూడొచ్చు. కొండవాలు మీద, సరస్సుకు ఎదురుగా ఉన్న క్లేటన్, మారెన్ టోలెఫ్సన్ల ఇల్లు వాటిలో ఒకటి. మారెన్ అత్తగారు వర్నా గ్రంథాలయం కమిటీలో పాత మనిషి. మేడమీద పిల్లల గదుల దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు అన్నీ చెప్పే బాధ్యత ఆవిడే తీసుకుంది.

మారెన్ బజారుకు వెళ్లలేదు. వీధి చివర కారులో కూర్చుని తన ఇంటి గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది. బాధేమీ లేదు, కుతూహలం. ఆ ఇల్లు తను పక్కన లేనప్పుడు ఎలా ఉంటుంది? ఆమె ఏ గదిలో అడుగుపెట్టినా ముందు కనిపించేది గది కాదు, అందులో మిగిలిన పని. సోఫా కింద మేజోడు, తలుపు పిడి మీద జిడ్డు, ఊడిన కర్టెన్ కుట్టు. మెట్లకింద చీకటి గూట్లో కోట్లు తగిలించుకునే చోటును పిల్లలు చదువుకునే గుహలా మార్చింది, జామ్ సీసాల్లో చిన్న దీపాలు వేలాడదీసింది. కానీ ఆ గుహలో ఒక్కసారైనా తీరిగ్గా కూర్చుని చూసిందా? క్లేటన్ మాత్రం స్నేహితులు వచ్చినప్పుడల్లా అనేవాడు, "నేను రేవుకు పనికి పోతే ఈవిడ ఇల్లు పట్టుకుని ఆడుకుంటుంది," అని. ముద్దుగానే అనేవాడు. ముద్దుగా అన్నమాటకు కోపం తెచ్చుకుంటే మనిషి చెడ్డది అయిపోతుంది కదా, అందుకని ఆమె కూడా నవ్వేసేది. ఆమె పూటపని చేసే పళ్ల డాక్టరు దగ్గరా అంతే. "పిల్లలు కూర్చునే మూల కాస్త సరదాగా చేసిపెట్టు, నీకు ఇష్టమే కదా," అన్నాడాయన. సెలవురోజున వెళ్లి గోడంతా నోరు తెరిచిన తిమింగలాన్ని వేసింది, దాని పళ్లు పిల్లలు లెక్కపెట్టుకునేలా. ఎవరో మెచ్చుకుంటే డాక్టరు, "మా రిసెప్షన్ అమ్మాయికి ఖాళీ ఎక్కువలెండి," అన్నాడు. మారెన్‌కు అప్పటికి నలభై దాటాయి.

కారు దిగి, గుమ్మం దగ్గర టికెట్లు చింపుతున్న కాలేజీ అమ్మాయికి డబ్బిచ్చి తనూ ఒక టికెట్ కొనుక్కుంది. ఆ అమ్మాయికి ఆమె ఎవరో తెలియదు. "బూట్లకు ఈ తొడుగులు వేసుకోండి మేడమ్, నేల పాడవుతుంది," అంది. ఆ నేలను గరుకుకాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేసింది తనే. మారెన్ బుద్ధిగా తొడుగులు వేసుకుని, ఉన్ని టోపీ కనుబొమల దాకా లాక్కుని, గుంపులో కలిసిపోయింది.

ఎంత వింతగా ఉందో! హాల్లో ఎవరో ఇద్దరు ముసలివాళ్లు కర్టెన్లు పట్టుకుని చూస్తున్నారు. "ఇవి మగవాళ్ల చొక్కాలే! బొత్తాలు కూడా అలాగే ఉంచారు చూడు," అని ఒకావిడ కిలకిలా నవ్వింది. ఆ నవ్వు విని మారెన్‌కు ఒళ్లు ఝల్లుమంది. అవి క్లేటన్ పాత గళ్ల చొక్కాలు. కుట్టిననాడు అతను, "నా చొక్కాలు కిటికీకి ఉరేశావా," అన్నాడు తప్ప, ఎవరూ ఇలా నవ్వలేదు. మెట్లకింద గుహలో ఒక పెద్దమనిషి, పొడుగాటి కాళ్లు బయటికి చాపి, నిజంగానే పడుకుని పిల్లల పుస్తకం తిరగేస్తున్నాడు. భార్య లెమ్మంటే, "ఉండవే, బాగుంది," అంటున్నాడు. మారెన్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఇంతకాలం ఈ ఇంట్లో ఇంత సరదా ఉందని తనకే తెలియలేదు. ఇంకేముందో చూద్దామని, పండగకు బహుమతులు విప్పే పిల్లలా, మెట్లెక్కింది.

ఇంగ్రిడ్ గది నిండా జనం. గులాబీ రంగు వద్దు, నవంబరులో సరస్సు ఉండే రంగు కావాలంది ఆ పిల్ల. తల్లీకూతుళ్లు చలిలో ఒడ్డున నిలబడి, రంగుల చీటీలు నీళ్లకు ఎదురుగా పట్టుకుని చూసి, చివరికి ఒక బూడిద నీలం ఎంచుకున్నారు. "ఆడపిల్ల గదికి ఆ రంగేమిటి, ఆస్పత్రిలా!" అంది వర్నా అప్పుడు. ఇప్పుడు అదే వర్నా, ముత్యాలదండ వేసుకుని, గది మధ్యలో నిలబడి, "మా మనవరాలికి మొదటినుంచీ సరస్సంటే ప్రాణం," అని చెబుతోంది. మారెన్ ఒక పొడుగు మనిషి వీపు చాటుకు జరిగింది.

గుంపు అక్కడినుంచి గస్ గదిలోకి నడిచింది. తలుపు దాటగానే అందరి నోటా ఒకటే ఆశ్చర్యం. గది నిండుగా ఎర్రరంగు తెడ్ల పడవ, అందులో పరుపు, తలాపున తెడ్డుకు కట్టిన చదువుకునే దీపం.

"ఇది మా అబ్బాయి క్లేటన్ చేశాడు," అంది వర్నా. "రేవులో ఇంజనీరు. చిన్నప్పటినుంచీ వాడి చేతిలో సుత్తి ఉండాల్సిందే."

మారెన్ తనకు కోపం వస్తుందనుకుంది, కానీ ముందు వచ్చింది కుతూహలమే. ఈవిడ అబద్ధం ఆడుతోందా, నిజంగా అలాగే అనుకుంటోందా? ముఖం చూస్తే ఎంతో మామూలుగా ఉంది, వాతావరణం గురించి చెబుతున్నట్టు.

నిండు నెలలతో ఉన్న ఒక నల్లజాతి యువతి పడవ చుట్టూ తిరిగి, ఒంగలేక ఒంగి చూసింది. "పడుకుంటే ఊగదా? దీన్ని కదలకుండా ఎలా నిలబెట్టారు?" అని అడిగింది.

"అవన్నీ ఇంజనీర్లకు తెలుస్తాయమ్మా," అంది వర్నా.

"పద రోషెల్," అన్నాడు పక్కనున్న భర్త. "మనింట్లో ఇంజనీర్లు లేరు. ఉయ్యాల కొట్లో కొనేద్దాం."

"అంతేలే," అంది ఆ అమ్మాయి. పడవ అంచు మీద చేయి అలాగే ఉంచింది. "నాకేమో జన్మలో రంపం పట్టడం రాదు. అయినా పాప గదికి ఏదైనా నా చేతులతో చేద్దామని ఒకటే ఆశ."

క్లేటన్ పేరు చెప్పినప్పుడు ఊరుకున్న మారెన్ ఈ మాటకు ఊరుకోలేకపోయింది. తన పేరు పోతే పోయింది. కానీ ఆ అబద్ధం ఆ పిల్ల ముఖం మీద తలుపు వేసేస్తోంది.

"ఇది చేసేనాటికి నాకూ రాదు," అంటూ ముందుకొచ్చి టోపీ తీసేసింది. "మొదటి చెక్క వంకరగా కోశాను. రెండోదీ అంతే. వాటితో పొయ్యి రాజేశాం." నేలమీద వెల్లకిలా పడుకుని, పడవ కిందికి తల దూర్చింది. "నువ్వు ఒంగక్కర్లేదు, మీ ఆయన్ని చూడమను. ఇది పక్కింటివాళ్లు పారేసిన పడవ. అడుగంతా చివికిపోయింది. అడుగు కోసేశాను. లోపల నాలుగు కాళ్ల చెక్క మంచం ఉంది చూశారా, బరువంతా దాని మీదే. చూసేవాళ్లకు పడవ మంచాన్ని మోస్తున్నట్టు ఉంటుంది. నిజానికి మంచమే పడవను మోస్తోంది."

రోషెల్ భర్త నిజంగానే నేలమీద పడుకుని చూశాడు. "అరె! ఇంతేనా!" అన్నాడు. గుంపులో నవ్వులు. "ఇంతేనా అనకు," అని అతన్ని కాలితో పొడిచింది రోషెల్. తర్వాత మారెన్ వైపు తిరిగి, "మీరు ఎవరు?" అంది.

"ఈ ఇంటిదాన్ని," అంది మారెన్, బట్టలు దులుపుకుంటూ.

వర్నా ముత్యాలదండ మీద చేయి వేసుకుని కిటికీలోంచి సరస్సు చూస్తూ నిలబడింది.

ఆఖరి గుంపు వెళ్లిపోయాక ఇద్దరూ వంటింట్లో కాఫీ పెట్టుకుని కూర్చున్నారు. నలుగురిలో నా పరువు తీశావు అంటుందని మారెన్ ఎదురుచూసింది. వర్నా చెంచాతో కప్పులో తిప్పుతూనే ఉంది, చక్కెర ఎప్పుడో కరిగిపోయినా.

"ఆ మంచం నిజంగా క్లేటనే చేశాడనుకున్నారా?" అని అడిగింది మారెన్. నిష్ఠూరంగా కాదు, తెలుసుకుందామని.

"లేదు. నువ్వు చెక్క కోస్తుంటే నేను చూశాను కదా, గస్‌ను ఎత్తుకుని." వర్నా తలెత్తింది. "నోటికి అలా వచ్చేసింది. మా ఇంట్లో ఏ పనైనా అలాగే చెప్పేవాళ్లం. మా వంటింటి అరలు చూశావుగా?"

"చెర్రీ చెక్కవి. మామగారు చేసినవి."

"నేను చేశాను."

మారెన్ కప్పు కింద పెట్టేసింది. పెళ్లయిననాటి నుంచీ ఆ అరలను చూస్తోంది. మేకు అన్నది కనబడకుండా, చెక్కలో చెక్క దూర్చి చేసిన అతుకులు. ఎన్నోసార్లు వేలితో తడిమి, చనిపోయిన మామగారి పనితనాన్ని మెచ్చుకుంది.

"ఆయన ఓడల మీద పనికి పోయేవాడు. ఇంట్లో ఉండేది సరస్సు గడ్డకట్టి ఓడలు ఆగిపోయే నెలల్లోనే. మా నాన్న రంపాలు నా దగ్గరే ఉండేవి. ఆయన తిరిగొచ్చేసరికి ముగించాను. ఎవరో వచ్చి, 'అబ్బ, ఎంత బాగా చేశావయ్యా' అన్నారు. ఆయన నావైపు చూశాడు. నేను ఊరుకున్నాను. ఆయనా ఊరుకున్నాడు. తర్వాత ఇక ఎప్పుడు చెబుతాం? ఆయన పోయినప్పుడు చర్చిలో పాస్టరు ఆ అరల గురించే మాట్లాడాడు. 'ఈ చేతులు ఎంత ఓపికగా పనిచేశాయో చూడండి' అన్నాడు. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను." వర్నా ఒక్కసారిగా నవ్వింది. "నేను ఎందుకు ఏడ్చానో వాళ్లకేం తెలుసు!"

మారెన్‌కూ నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. "మూలల దగ్గర ఆ అతుకు ఎలా వేశారు? నాకు ఎంతకీ కుదరదు," అంది. వర్నా కాగితం రుమాలు ముందుకు లాక్కుని, చేతిసంచీలోంచి పెన్ను తీసి గీసి చూపించసాగింది. ఏడాది పొడుగునా వాతావరణమూ పిల్లల జలుబులూ తప్ప మరోమాట లేని ఇద్దరూ అలా ఎంతసేపు కూర్చున్నారో. మధ్యలో మారెన్ లేచి వెళ్లి రోషెల్‌కు ఫోను చేసి వచ్చింది. ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ నంబరు ఇచ్చి, ఉయ్యాల చేయడం నేర్పుతారా అని అడిగి వెళ్లింది.

చీకటి పడకముందే క్లేటన్ పిల్లలతో తిరిగొచ్చాడు. జేబులోంచి ఫోను తీసి ఊపుతూ, "మా మేనేజరు భార్య కూడా వచ్చి చూసిందట! ఒకటే పొగడ్తలు," అన్నాడు. "వాళ్ల కవలల గది మనం చేసిపెట్టాలట. శనివారం నువ్వు వస్తావని చెప్పేశాను. నీకు సరదాయే కదా."

"చెప్పేముందు నన్ను అడగాల్సింది. ఆ రోజు నాకు పని ఉంది," అంది మారెన్. గొంతు పెంచలేదు. అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. "వాళ్లకు నువ్వే ఫోను చేసి చెప్పు. నా చేత చేయించుకోవాలనుకుంటే నాతో మాట్లాడమను. ఊరికే చేయనని కూడా చెప్పు. శనివారం పిల్లల్ని నువ్వు చూసుకో."

"అదేంటి? ఏం పని?"

"ఒకమ్మాయికి ఉయ్యాల చేయడం నేర్పాలి. మీ అమ్మగారూ నేనూ వెళ్తున్నాం. రంపాలు ఆవిడ తెస్తారు."

క్లేటన్ పెద్దగా నవ్వాడు. "అమ్మా? రంపమా? నీకు రంపం పట్టడం ఎప్పటినుంచి వచ్చు?"

వర్నా పెన్ను మూత పెట్టి, కొడుకు వైపు తిరిగింది.

"నువ్వు పుట్టకముందు నుంచీ," అంది.