ఆరకుండా వెలిగే లైట్లు

కొడుకు నీళ్లలోకి దిగిన ప్రతిసారీ ఆర్డిస్ హాల్వర్సన్ మనసు చావుకబురు వినడానికి సిద్ధపడిపోయేది. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఏ పిల్ల టైరు కిందికి వస్తుందోనని చూసీ చూసీ ఆ భయం కళ్లలోనే ఉండిపోయింది, రిటైరైనా పోలేదు. ఇప్పుడు చూసుకోవడానికి ట్రెంట్ ఒక్కడే మిగిలాడు.

ట్రెంట్‌కి ముప్పై తొమ్మిదేళ్లు. వారమంతా ఫెర్రీల ఇంజన్లు బాగుచేస్తాడు. శనివారం వచ్చిందంటే పాత చేపల కార్ఖానా రేవు కింద, ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ చన్నీళ్లలో మునిగి సముద్రజీవుల ఫొటోలు తీస్తాడు. అతనికి తోడు లైల్. లైల్ చిన్నప్పుడు ఆర్డిస్ బస్సులోనే బడికి వెళ్లాడు. యాభై దాటినా ఆమెను ‘మిస్ ఆర్డిస్’ అనే పిలుస్తాడు. పన్నెండేళ్లుగా ఇద్దరూ కలిసే దిగుతున్నారు. పన్నెండేళ్లుగా ఆమె ఆ రేవు చెక్కల మీద మడత కుర్చీ వేసుకుని, వాళ్లు పైకి తేలేదాకా నీళ్లకేసి చూస్తూ కూర్చుంటోంది.

ఆ శరదృతువులో ట్రెంట్ పాత ఫ్లాష్‌లోకి ఉప్పునీరు చొరబడి అది పాడైపోయింది. కొత్తవి కొనేముందు వాడి చూద్దామని డైవింగ్ క్లబ్బు నుంచి రెండు రకాల లైట్లు తెచ్చి అమ్మ వంటింటి బల్ల మీద పెట్టాడు. ఒకటి స్ట్రోబ్. ఫొటో తీసే క్షణంలో మెరుస్తుంది, ఆరిపోతుంది. రెండోది ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది.

“ఎంచుకోవడానికేముంది, స్ట్రోబే కొనాలి. ఆక్టోపస్ చెయ్యి ఆడిస్తున్నా ఆ మెరుపుకి ఫొటోలో బిగుసుకుపోతుంది. ఈ వెలిగేదానికైతే అంత బలం చాలదు. పైగా వెలుగు కుమ్మరిస్తూ కూర్చుంటే అది కలుగులోకి పోతుంది” అన్నాడు ట్రెంట్.

“పైన కూర్చున్న నాకేం కనిపిస్తుందో ఎప్పుడైనా అడిగావా?” అంది ఆర్డిస్. “ఒక మెరుపు. సరే, బతికున్నాడు అనుకుంటాను. తర్వాత చీకటి. అంకెలు లెక్కపెడతాను. అరవై దాటిందంటే నీ శవపేటికకి రంగు ఎంచుతుంటాను.”

“ఏ రంగు ఎంచావేంటి?”

“నవ్వకు.”

లైల్ నోట్లో డోనట్ ఉంది. “బస్సులోనూ ఇంతే ట్రెంట్. నేను తుమ్మితే మీ అమ్మ బ్రేకు తొక్కేవారు.”

“కిటికీలోంచి తల బయటపెట్టి తుమ్మితే తొక్కనా?”

లైల్ నవ్వి, మూతి తుడుచుకుని, వెలిగే లైటుని చేత్తో తిప్పి చూశాడు. “ఇవి వద్దు మిస్ ఆర్డిస్. ఇలాంటివి రెండు మొహం ముందు వెలుగుతుంటే వీడికి నా టార్చి ఆనదు. కింద మాకు మాటలుండవు కదా. టార్చి గుండ్రంగా తిప్పితే బాగున్నానని. అటూ ఇటూ గబగబా ఊపితే ఆపదలో ఉన్నానని.”

“నువ్వు వాడి పక్కనే ఉంటావుగా?”

“పక్కనుంటే బురద రేగి ఫొటో పాడవుతుంది. పది అడుగులు వెనకే ఉంటాను.”

ఆర్డిస్ ఆ మాట విన్నది. వినలేదని తర్వాత ఎప్పుడూ తనకు తాను చెప్పుకోలేకపోయింది. కానీ అప్పుడు ఆమెకి కనిపించింది ఒక్కటే, నీళ్ల కింద చీకట్లో తన కొడుకు. వెలిగేవే కొనమని మూడు వారాలు వదల్లేదు. పొద్దున ఫోను, సాయంత్రం ఫోను. ఛాతీలో నొప్పిగా ఉందంది. పోయిన భర్త పేరెత్తింది. చివరికి ట్రెంట్ విసిగిపోయాడు.

“సరే అమ్మా. వెలిగేవే కొంటాను. ఇక ఆపు.”

డిసెంబరు మొదటి శనివారం, నాలుగున్నరకే మసక చీకటి. రేవు అంచున ఇద్దరు మనుషులు స్క్విడ్ కోసం గాలాలు వేసి నిలబడ్డారు. కింద ముప్పై అడుగుల లోతులో, కూలిన దుంగ కిందున్న కలుగులో ఒక ఆక్టోపస్ గుడ్లు పెట్టి కాపలా కాస్తోందని ట్రెంట్ నెల నుంచీ చెబుతున్నాడు. ట్రెంట్, లైల్ ఇద్దరూ దిగారు. కాసేపటికి నీళ్లలో పచ్చటి వెలుగు పరుచుకుంది. గదిలో దీపం పెట్టినట్టు నిలకడగా ఉంది. ఆర్డిస్ దాన్నే చూసింది. పన్నెండేళ్లలో మొదటిసారి అంకెలు లెక్కపెట్టలేదు. ఫ్లాస్కులోంచి కాఫీ వంపుకుని వేడిగా తాగింది. స్క్విడ్ పట్టేవాళ్లతో ధరల గురించి కూడా మాట్లాడింది.

నీళ్లు పగిలినట్టు చప్పుడైంది. లైల్ పైకి వచ్చాడు. నోట్లో గాలి గొట్టం లేదు, పెదాల మీద ఎర్రటి నురగ ఉంది. ఏదో అనబోయి ఒక పక్కకి ఒరిగిపోయాడు. స్క్విడ్ మనుషులిద్దరూ నిచ్చెన దిగి అతన్ని పైకి లాగారు. ఆర్డిస్ 911 నొక్కి అంబులెన్సుని పిలిచింది. కింద వెలుగు కదల్లేదు. రేవు అంచు పట్టుకుని వంగి కొడుకు పేరు పెట్టి అరిచింది. ముప్పై అడుగుల నీళ్ల కింద ఎవరికి వినిపిస్తుంది?

పదకొండు నిమిషాల తర్వాత ట్రెంట్ తేలాడు. మాస్కు ఎత్తి నవ్వుతున్నాడు. “ఫొటో వచ్చిందమ్మా, గుడ్లతో సహా వచ్చింది. లైల్ ఏడీ?”

ఎవరో వదిలేసిన గాలం తీగ లైల్ కాలి ఈత తొడుగుకీ సిలిండర్ మెడకీ చుట్టుకుంది. కోసుకోబోతే కత్తి బురదలో పడిపోయింది. నాలుగు నిమిషాలు టార్చి ఊపాడు, చీకట్లో అయితే ఆ వెలుగు ట్రెంట్ ముందున్న దుంగ మీద ఊగేది. ట్రెంట్ పది అడుగుల దూరంలో, వీపు ఇటు పెట్టి, తన వెలుగులో తాను ఉన్నాడు. గాలి అయిపోయాక లైల్ ఆ తొడుగూ సిలిండరూ అన్నీ విప్పి పారేసి, ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకి వచ్చేశాడు. అలా రాకూడదని పదిమందికి నేర్పినవాడే. ఊపిరితిత్తి చిట్లి గాలి మెదడుకెక్కిందన్నారు డాక్టర్లు.

బతికాడు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి.

జనవరిలో క్లబ్బువాళ్లు చర్చి హాల్లో సమావేశం పెట్టారు. ఎవరినీ తప్పుపట్టడానికి కాదన్నారు గానీ అందరూ ట్రెంట్‌నే చూస్తున్నారు. వెనక వరసలోంచి ఒకాయన అడిగాడు. “తోడున్నవాడి టార్చి కనిపించని లైట్లు నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. నేనే ఎంచుకున్నాను” అన్నాడు ట్రెంట్. తల్లి వైపు చూడలేదు.

ఆర్డిస్ లేవాలనుకుంది. కుర్చీ అంచు పట్టుకుంది కూడా. వీళ్ల ముందు తను లేచి నోరు విప్పితే వాడు ఇంకా చిన్నబోతాడు అని సర్దిచెప్పుకుంది. అది అబద్ధమని ఆమెకి తెలుసు. కూర్చునే ఉంది.

ట్రెంట్ మళ్లీ నీళ్ల మొహం చూడలేదు. కెమెరా అమ్మేశాడు. శనివారాలు టీవీ ముందు సోఫాలో, బూట్లు కూడా విప్పకుండా కూర్చుంటాడు. పన్నెండేళ్లు ఆమె దేవుణ్ని అడిగింది ఇదే. దేవుడు ఇచ్చాడు.

మార్చిలో ఒకరోజు ఆమె ట్యూనా నూడుల్స్ వండి, గిన్నె పట్టుకుని లైల్ ఇంటికి వెళ్లింది. లైల్ భార్య జోలీన్ గిన్నె అందుకుని లోపలికి రమ్మంది. జోలీన్ వంటింట్లోకి వెళ్లగానే, కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్న లైల్ ఎడమ చేత్తో దగ్గరికి పిలిచాడు.

“మిస్... ఆర్డిస్.” మాట మాటకీ మధ్య చాలాసేపు పట్టింది. “నేను... చెప్పలేదు. జోలీన్‌కి. ఆ లైట్లు... కొనిపించింది మీరని.”

ఆర్డిస్ అతని మూతి పక్కన కారుతున్న తడిని తన రుమాలుతో తుడిచింది. అతను కళ్లు మూసుకున్నాడు. అలసిపోయాడో, ఆమెను చూడటం ఇష్టంలేకో తెలియలేదు.

వెళ్లేటప్పుడు జోలీన్ వాకిట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“మీ మీద నాకేం లేదు ఆర్డిస్‌గారూ. మీరు ఎప్పుడైనా రండి. మీ అబ్బాయిని మాత్రం ఈ గడప తొక్కొద్దని చెప్పండి. రెండుసార్లు వచ్చాడు. పువ్వులు తెచ్చాడు. ఆ మొహం చూస్తే నాకు చేతిలో ఏదుంటే అది విసరాలనిపిస్తుంది. ఫొటో కోసం నా మొగుణ్ని చీకట్లో వదిలేశాడు.”

సన్నగా వాన పడుతోంది. జోలీన్ తలుపు పట్టుకుని జవాబు కోసం నిలబడింది. చెప్పాల్సింది ఒక్క వాక్యమే, అది ఆర్డిస్ నాలుక మీదికి వచ్చింది కూడా. చెబితే ఈ గడప తనకీ ఉండదు. ఊళ్లో, చర్చిలో, దుకాణంలో ఇప్పుడు ట్రెంట్‌ని చూస్తున్న చూపులన్నీ తన మీదికి తిరుగుతాయి.

“చెప్తానమ్మా” అంది. “రావద్దని చెప్తాను.”