కుండీ అంచున తెల్లచార

"ముట్టుకున్నావా?"

పెనం మీద అట్టు తిరగేస్తుంటే వెనకనుంచి అత్తయ్య అడిగింది. దేన్ని అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మా ఇంట్లో ఆ మాటకు ఒక్కటే అర్థం. వీధి వసారాలో వరసగా ఉన్న కుండీల్లో ఏదో ఒకటి ఆ పొద్దున మళ్ళీ తల వాల్చిందన్నమాట.

"లేదత్తయ్యా. నాకింకా వారముంది," అన్నాను.

నలభై మూడేళ్ళదాన్ని. హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతాను. అట్లకాడ చేత్తో పట్టుకుని నా తేదీ అప్పజెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు. తులసికోట దగ్గరికెళ్ళి అంచులు మాడిన ఆకొకటి తుంచుకొచ్చి, పోలీసులు సాక్ష్యం పెట్టినట్టు, నా ఎదురుగా పొయ్యిగట్టు మీద పెట్టింది. "మరి దీనికేమొచ్చిందంటావు? మల్లె పోయింది. మందారం పోయింది. ఇప్పుడు తల్లికి కూడానా?" అంది.

మాది తెనాలిలో అంగలకుదురు వైపు ఇల్లు. అత్తయ్య కోటేశ్వరమ్మ, మా ఆయన విష్ణువర్ధన్, పదో తరగతి చదివే మా కీర్తన, నేను. మా ఆయనకు కొలకలూరులో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. ఆయన మాట వినని రైతు ఆ చుట్టుపక్కల లేడని ఆయనే చెబుతారు. కుండీల్లో ఉన్నవి మాత్రం ఆయన దృష్టిలో మొక్కలు కావు, ఆడవాళ్ళ కాలక్షేపం. వీధిలో ఎవరి మొక్కకు జబ్బు చేసినా నా దగ్గరికే వస్తారు. "ఉషగారూ, మందారానికి తెల్లగా పిండి పట్టిందండీ," అంటూ ఎదురింటి పుల్లమ్మగారు వస్తారు. సబ్బు నీళ్ళలో గుడ్డ ముంచి కొమ్మలన్నీ తుడిచి, ఆ తర్వాత వేపనూనె కొట్టమంటాను. కరివేపాకు ఎదగడం లేదంటే కొనలు తుంచి పులిసిన మజ్జిగ పోయమంటాను. మల్లె పూయదంటే ఆకు దూసి కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించమంటాను. స్కూల్లోనూ ఇదే తంతు. ఎవరైనా అధికారి వస్తున్నారంటే చాలు, హెడ్మాస్టరు జనార్దనరావుగారు "మీ చెయ్యి మంచిది మేడమ్," అంటూ గేటు పక్కన కుండీలన్నీ నాకు అప్పగిస్తారు. ఖాళీ పీరియడంతా మట్టి పిసుకుతూ కూర్చుంటాను. మగ టీచర్ల చెయ్యి ఎందుకు మంచిది కాదో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఊరంతటికీ మంచిదైన చెయ్యి, ఇంటికొచ్చేసరికి నెలకు మూడు రోజులు విషమైపోతుంది.

ఆ మూడు రోజులూ దేవుడి గది, తులసి, పూలమొక్కలు, పచ్చడి జాడీలు నేను ముట్టకూడదు. వంట చేయొచ్చు. అంట్లు తోమొచ్చు. బట్టలు ఉతకొచ్చు. స్కూలుకెళ్ళి జీతం తేవచ్చు. ముట్టుకోవచ్చని వదిలేసినవన్నీ, నేను ముట్టుకోకపోతే ఆ పూట ఇల్లు గడవనివే. పెళ్ళయిన కొత్తలోనే నాకీ కిటుకు అర్థమైంది. అర్థమైనా నోరు విప్పలేదు. మూడు రోజులేగా అనుకున్నాను. అత్తయ్య పెద్దావిడ, ఆమె తృప్తి ఆమెది అనుకున్నాను. తులసికి దణ్ణం ఆమెది, నీళ్ళు నావి. అలా సర్దుకుపోతూ వచ్చాం.

ఈ ఏడాది వేసవి ముందు మొక్కలు పోవడం మొదలయ్యాక మాత్రం నన్ను నేనే అనుమానించుకున్నాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఇదంతా ఒట్టి మూఢనమ్మకమని క్లాసులో గొంతు చించుకుని చెప్పేదాన్ని, స్కూలు నుంచి ఇంటికి నడుస్తూ 'ఒకవేళ నిజమేనేమో' అనుకున్న రోజులున్నాయి. నా భయానికి నా కారణం నాకుంది. దాన్ని ఇంట్లో ఎవరికీ చెప్పే ధైర్యం అప్పటికి లేదు.

ఒక ఆదివారం కుండీలన్నీ ఎండలోకి జరిపి ఒక్కొక్కటే చూశాను. పురుగు లేదు. ఆకుల కింద పేనుబంక లేదు. వేళ్ళు కుళ్ళిన వాసన లేదు. కానీ ప్రతి కుండీ అంచునా, మట్టి మీదా తెల్లటి చార కట్టి ఉంది. ముగ్గుపిండేమో అనుకుని గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

ఉప్పనగానే నాకు అత్తయ్యే తోచింది. ప్రతి ఆదివారం పొద్దుగూకేవేళ కొడుకుని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి గుప్పెడు రాళ్ళ ఉప్పుతో దిష్టి తీస్తుంది. ఆ ఉప్పు ఎక్కడ పారబోస్తుందో ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడికో ఎందుకు వెళ్ళాలి, మోకాళ్ళ నొప్పులావిడ, గుమ్మం దిగితే చేతికందేవి నా కుండీలే కదా! అక్కడినుంచి నా బుర్ర ఊరుకోలేదు. వీధిలో వాళ్ళంతా ఉషగారూ, ఉషగారూ అంటూ వస్తుంటే ఆమె ముఖం ఎలా ముడుచుకునేదో గుర్తు తెచ్చుకున్నాను. మొదటి మొక్క పోయినప్పుడు ఆమె గొంతులో బాధ కంటే సంబరమే ఎక్కువ వినిపించిందనుకున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పడతాననుకున్నాను. ఆ సాయంత్రం దిష్టి తీసి ఆమె లేవగానే కిటికీ తెర వెనక నిలబడ్డాను. ఆమె గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ నిట్టూరుస్తూ, గేటు దాటి వీధి కాలవ దాకా వెళ్ళి ఉప్పు అందులో పారేసింది. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చింది. కుండీల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. మరుసటి ఆదివారమూ అంతే. పాపం, ఆవిడ నా మీద ఎలా కన్నేసి ఉంచిందో నేనూ ఆవిడ మీద అలాగే కన్నేశాను. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరి చేతులను ఒకరం కాపలా కాసుకుంటూ బతికాం.

ఈలోగా ఆమె అనుమానం నన్ను వదిలి ఇంకో చోట వాలింది.

కీర్తన ఏడాదిన్నర కిందట పెద్దమనిషయింది. ఒక సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి పిల్ల గది తలుపేసుకుని ఉంది. పుల్లమ్మగారి ఎదుటే నాయనమ్మ నిలదీసిందట. "నిజం చెప్పవే. ఆ రోజుల్లో తెలిసో తెలియకో ముట్టుకున్నావా? తులసితల్లి దగ్గర అబద్ధమాడితే కళ్ళుపోతాయి." ఆ మర్నాటి నుంచి కీర్తన వీధి గుమ్మం తొక్కడం మానేసింది. గేటు దగ్గర సైకిలు దిగి, పక్క సందులోంచి పెరటివైపు నడిచి ఇంట్లోకి వచ్చేది. ఎందుకే అలా అని అడిగాను.

"అమ్మా, మల్లె చచ్చిపోయిన వారం నేను దానికి నీళ్ళు పోశాను. అప్పుడు నాకు డేట్. నిజంగా నావల్లేనంటావా?"

బయాలజీలో క్లాసు ఫస్టు వచ్చే పిల్ల! నీవల్ల కాదే తల్లీ అన్నాను. "మరెవరివల్ల?" అని అడిగింది. కాదు కాదు అంటే పిల్లలు నమ్మరు, ఏదో చెప్పాలి, చెప్పేది రుజువు కావాలి. నన్ను అనుమానించినన్నాళ్ళూ ఓర్చుకున్నాను. నా కూతురు తన చేతులను తానే అనుమానించడం మాత్రం నావల్ల కాలేదు.

డాబా మెట్ల మీద పాత పెయింటు డబ్బాలో ఒక గులాబీ ఉంది. అదే మట్టి, అదే నర్సరీ. అది మాత్రం పచ్చగా కళకళలాడుతోంది. పైగా అత్తయ్య కళ్ళకు ఆనదు కాబట్టి దాన్ని నేను నెలంతా ముట్టుకుంటాను. మరి అది చావలేదేం? దానికి పోసేది బియ్యం కడిగిన నీళ్ళు. కింద కుండీలకు పోసేది నీలం డ్రమ్ములో నీళ్ళు. ఫిబ్రవరిలో మా ఆయన బాపట్లలో ఎవరో స్నేహితుడింట్లో చూసొచ్చి బోరు నీళ్ళు మంచినీళ్ళు చేసే మిషను పెట్టించారు. అది వదిలేసే నీళ్ళు సన్నటి పైపులోంచి వసారాలో డ్రమ్ములోకి వచ్చేలా ఏర్పాటు కూడా ఆయనదే. "చుక్క వృథా కాకూడదు ఉషా, మొక్కలకు పోసెయ్," అన్నారు. పోస్తూ వచ్చాను.

డ్రమ్ములో చెయ్యి ముంచి నోట్లో పోసుకున్నాను. చిన్నప్పటి రుచి. మా పుట్టిల్లు రేపల్లె, మా పెరట్లో బోరు నీళ్ళు ఇలాగే ఉండేవి. బకెట్టు ఆరితే అంచున తెల్లగా పేరుకునేది. అమ్మ ఆ నీళ్ళతో అంట్లు తోమేది గానీ బంతిమొక్కకు కూడా పోయనిచ్చేది కాదు, మట్టి చౌడు పడుతుందనేది. మిషను మాకు తియ్యటి నీళ్ళిచ్చి, బోరులో ఉప్పంతా పోగేసి డ్రమ్ములోకి తోలుతోంది. దాన్ని నా చేత్తో నేనే మగ్గుతో ముంచి ప్రతి మొక్క మొదట్లోనూ పోశాను.

ఆ సంగతి మా ఆయనతో చెబితే పకపకా నవ్వారు. "ఊళ్ళ రైతులంతా నన్నడిగి మందు కొడతారు. నాకు చెబుతావేంటి నువ్వు? నీళ్ళల్లో ఏముంటుంది? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మొక్కలు చూసుకోలేక మిషనుకు వంక పెడుతున్నావు."

మర్నాడు ఆయన దుకాణానికి వెళ్ళాక పైపు తీసి తూములోకి మళ్ళించాను. డ్రమ్ము కడిగి మునిసిపాలిటీ నీళ్ళు పట్టాను. కుండీల మీద తెల్లటి పొర గీకేసి, అడుగున పూడుకుపోయిన బెజ్జాలు పుల్లతో తెరిచి, కిందనుంచి ధారగా కారేదాకా మంచినీళ్ళు పోశాను. మట్టి ఆరనిచ్చి మళ్ళీ అలాగే చేశాను. ఎరువు జోలికి పోలేదు. మల్లె, మందారం ఎలాగూ దక్కలేదు. కొన్నాళ్ళకు కరివేపాకు ఎర్రటి చిగురేసింది. ఆ తర్వాత తులసి మోడు పక్కనుంచి రెండు ఆకులు తొంగిచూశాయి. కీర్తనను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపిద్దామనుకున్నాను. నాకంటే ముందు అత్తయ్య చూసింది.

"పుల్లమ్మా, ఇటొచ్చి చూడు!" అని వీధి మారుమోగేలా పిలిచింది. "పిల్లను ఇటు రానివ్వకుండా చేశాక తల్లి ఎలా చిగిరించిందో చూడు. నే చెబితే ఒక్కరూ విన్నారా?"

నా వైద్యం ఆమెకు సాక్ష్యమైపోయింది. పిల్ల మీద అనుమానం కాస్తా రుజువైన నేరమైంది.

ఆదివారం అందరం ఇడ్లీలు తింటున్నప్పుడు తీర్పు కూడా వచ్చేసింది. "ఇకనుంచి ఆ మూడు రోజులూ అమ్మాయి వెనకగదిలోనే ఉంటుంది. చాప, కంచం, గ్లాసు వేరే పెడదాం. బడికి సందులోంచి వెళ్ళొస్తుంది," అంది అత్తయ్య.

"సరేలేమ్మా. మూడు రోజులేగా," అన్నారు మా ఆయన చట్నీ వేయించుకుంటూ.

"సరే నాయనమ్మా," అంది కీర్తన, తలెత్తకుండా.

అది ఏడ్చినా, కంచం విసిరికొట్టినా నాకింత భయం వేసేది కాదు. అది ఒప్పుకుంది. నమ్మి ఒప్పుకుంది.

పైపు సంగతి చెప్పాను. నెల కిందటే తీసేశానని, మొక్కలు బతికింది అందుకేనని చెప్పాను. మా ఆయన లేచి వెళ్ళి చూసొచ్చి, నాకు చెప్పకుండా ఎందుకు తీశావని కోప్పడ్డారు. "పైపూ లేదు, గీపూ లేదు. పిల్ల దూరంగా ఉంది, మొక్క బతికింది. కళ్ళెదుట కనిపిస్తుంటే," అంది అత్తయ్య. కీర్తన ఆమె మాటకే తలూపింది. నీళ్ళ గురించి నేనెంత చెప్పినా లాభం లేదని తెలిసిపోయింది. చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నది.

"అత్తయ్యా, ఒక్క మాట అడుగుతాను. మన ఎండలకు కుండీలో మొక్క మూడు రోజులు నీళ్ళు లేకుండా బతుకుతుందా?"

"ఎలా బతుకుతుంది? నిలువునా ఎండిపోతుంది."

"నేను కాపురానికొచ్చి పందొమ్మిది వేసవులు. నెలనెలా నేను ముట్టుకోని ఆ మూడు రోజులూ వీటికి నీళ్ళు ఎవరు పోశారు?"

అత్తయ్య కొడుకు వైపు చూసింది. "పొద్దున్నే లేస్తావుగా, నువ్వు పోస్తున్నావనుకున్నానురా."

"నాకెక్కడ తీరిక? నువ్వే పోస్తున్నావనుకున్నాను," అన్నారాయన.

ఇద్దరూ మెల్లగా నా వైపు తిరిగారు. కీర్తన తలెత్తి నన్నే చూస్తోంది.

"మీ పూజకు కోసిన ప్రతి పువ్వూ ఆ నీళ్ళతో బతికిందే. మీరు పుల్లమ్మగారిని పిలిచి చూపించిన చిగురు కూడా అంతే. ఇవాళ నాకు రెండో రోజు అత్తయ్యా. తులసికి నీళ్ళు పోసి వచ్చాకే మీకు ఇడ్లీ వడ్డించాను."