బాల్కనీ గది

ఇంటి విలువ కట్టడానికి బ్యాంకు పంపే ఇంజినీరు పదకొండింటికి వస్తానన్నాడు. స్వరూప ఏడింటికే వెనక గది తలుపుకు అడ్డంగా చీర కట్టింది.

"ఆ చీర తియ్యే. గది చూస్తే ఇంకో రెండు లక్షలు ఎక్కువ రాస్తడు" అన్నాడు భర్త కురుమయ్య, కుర్చీలో కాళ్లు చాపుకొని.

"నువ్వు ఊకో అయ్యా. అడగనిది చూపెట్టకు."

అశోక్‌నగర్‌లో ఈ రెండు గదుల ఫ్లాటును ఎనిమిదేళ్ల కిందట ఇరవై లక్షల లోనుతో కొన్నారు. మేస్త్రీ కదా, వెనక బాల్కనీని కురుమయ్యే ఇటుకలతో మూసి గది చేశాడు. అందులో ఉండి గ్రూప్స్‌కు చదువుకునే మనీష నెలకు ఐదు వేలు కిరాయి ఇస్తుంది. ఇప్పుడతని మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఆపరేషన్‌కు ఐదు లక్షలు కావాలి. అది కాకపోతే పరంజా ఎక్కలేడు. పరంజా ఎక్కకపోతే కిస్తీ కట్టలేడు.

నారాయణగూడ బ్రాంచిలో మేడమ్ విడమరిచి చెప్పింది. ఇల్లు ముప్పై లక్షలు చేస్తే, దాని మీద ఇరవై ఒక్క లక్షల దాకా అప్పు ఇవ్వొచ్చు. పాత బాకీ పదహారు పోతే మిగిలేది ఐదు.

"పదిహేడు లక్షలు కట్టినం మేడమ్. నాలుగే తగ్గినయా?" అని అడిగింది స్వరూప.

"మొదట్ల వడ్డీకే ఎక్కువ పోతదమ్మా. అసలు తగ్గినకొద్దీ ఇంట్ల మీ వాటా పెరుగుతది."

ఆ రోజు నుంచి స్వరూప ఇల్లు ఊడుస్తూ కూడా ఆలోచిస్తోంది, ఇందులో ఏ మూల వరకు తమది, ఏ మూల నుంచి బ్యాంకుది అని.

ఇంజినీరు భానుప్రకాశ్ చాయ్ ముట్టకుండా హాలు కొలిచాడు, వంటిల్లు కొలిచాడు. చేతిలోని లేజరు మీటరు ఎర్ర చుక్క చీర మీద పడింది.

"అది కూడ చూడుండ్రి సార్" అంటూ కురుమయ్య కుంటుతూ వెళ్లి చీర లాగేశాడు. మంచం మీద పుస్తకాల మధ్య మనీష దిగ్గున లేచి నిలబడింది.

"నా చేతి పని సార్. ఎనిమిదేండ్లయింది, గోడల ఒక్క పర్రె లేదు."

భానుప్రకాశ్ ప్లాను కాగితం తీశాడు. "పని మంచిగున్నది మేస్త్రీ. కానీ ప్లాన్ల ఇది బాల్కనీ. ఈ గదికి పైస విలువ రాయలేను. ఉన్నదున్నట్టు రాస్తే ఫైలే ఆగిపోతది."

"మరెట్ల సార్?"

"వారం ఆగుత. ఈ గోడ పోయి బాల్కనీ మళ్ల బాల్కనీ లెక్క ఉంటే ఫొటో తీస్కపోయి ముప్పై రాస్త."

అతను మెట్లు దిగిపోయాక స్వరూప కింద పడిన చీర తీసి మడతపెట్టింది.

"చూపెడ్తివి కద" అంది స్వరూప. "కిస్తీ ఆరు వేలు పెరుగుతది. కిరాయి ఐదు వేలు పోతది. నెలనెల పదకొండు వేలు యాడికెల్లి తెద్దాం?"

"మోకాళ్లు మంచిగైతే తెస్త."

"కాకుంటే?"

కురుమయ్య తను కట్టిన గోడను అరచేత్తో తట్టి చూశాడు.

మనీష మెల్లగా అడిగింది, "ఆంటీ, ఇంకో ఇరవై రోజులే ఉన్నాయి పరీక్షకు…"

"హాల్ల పండుకో బిడ్డా. పైసలొద్దు."

మర్నాడు పుస్తకాలు హాల్లోకి చేరాయి. కురుమయ్య గోడ ముందు స్టూలు వేసుకొని కూర్చున్నాడు. కూర్చొని సుత్తి ఎత్తితే బలం చాలలేదు. స్వరూప కొంగు దోపి సుత్తి అందుకుంది.

"కింద కాదు, పై వరుసల నుంచి కొట్టు" అన్నాడతను, వేలితో చూపిస్తూ.

ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. భుజం జివ్వుమంది. గోడ మీద గోరంత గీత కూడా పడలేదు.

"ఇంత గట్టిగ ఎందుకు కట్టినవయ్యా?" అంది, మళ్లీ సుత్తి ఎత్తుతూ.