గోడకెక్కిన మోటార్

అమెరికాలో నోవై అనే ఊళ్లోని ఆ షెడ్డుకి వచ్చిన కారు ఏదీ మళ్లీ కారుగా బయటికి వెళ్లదు. పోటీ కంపెనీ బండిని కొని, బోల్టు బోల్టూ విప్పి, ప్రతి ముక్కనీ తూచి, ఫొటో తీసి, నంబరు కట్టి గోడ మీది బోర్డులకు తగిలించడమే అక్కడి వ్యాపారం. ఆ గోడ చూడ్డానికి డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల పెద్దలు వస్తారు. కాఫీ కప్పులు పట్టుకుని గంటసేపు తిరిగి, అవతలివాడు ఏం చేశాడో తెలుసుకుని వెళ్తారు.

ఆ జనవరిలో అక్కడికి చైనా నుంచి ఒక చిన్న కరెంటు కారు వచ్చింది. ఊళ్లో తిరగడానికని చవకలో తయారు చేసిన బండి. అమెరికా రోడ్డెక్కే అనుమతి దానికి లేదు, పరీక్షల కోసమే తెప్పించారు. పసుపు రంగు, బుల్లి చక్రాలు, ముందు అద్దానికి ఒకే ఒక్క వైపర్. లారీలోంచి దింపుతుంటే షెడ్డులో అందరూ నవ్వారు. ఒకడు అగ్గిపెట్టె అన్నాడు, ఇంకొకడు తన పికప్ ట్రక్కు వెనకాల పడేసుకుని ఇంటికి తీసుకుపోతానన్నాడు.

జ్ఞానప్రసూన నవ్వలేదు. చవక వస్తువుని చూసి నవ్వేవాళ్లని చూస్తే ఆమెకి ఒళ్లు మండుతుంది. ఖరీదైన కారు చెయ్యడానికి డబ్బుంటే చాలు, చవక కారు చెయ్యడానికి బుర్ర కావాలని ఆమె గట్టి నమ్మకం. వరంగల్‌లో చదివి, ఇక్కడ మాస్టర్స్ చేసి, పదకొండేళ్లుగా కార్లు విప్పుతోంది. ఈ కారు విప్పే బాధ్యత ఆమెదే. ఏ ముక్క ఎప్పుడు ఊడదియ్యాలో నిర్ణయించి సంతకం పెట్టేదీ ఆమే.

విప్పేకొద్దీ ఆమెకి ముచ్చటేసింది. మిగతా కార్లలో ఐదారు పెట్టెలుండే చోట ఇందులో ఒకటే పెట్టె. వైర్లు సగానికి సగం తక్కువ. ఏ ముక్కని చూసినా రెండేసి పనులు చేస్తోంది. పొదుపైన ఇల్లాలు సర్దిన వంటిల్లులా ఉందా బండి.

సోమవారం సగం విప్పిన ఆ బండినే, ఛార్జింగ్ పరీక్ష కోసం, చలి పుట్టించే కోల్డ్ చాంబర్‌లో పెట్టారు. మైనస్ పాతిక డిగ్రీల్లో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఛార్జింగ్ పెడితే బ్యాటరీ ఒక్క చుక్క కరెంటు తాగలేదు. గంట చూశారు, రెండు గంటలు చూశారు. మీటరు సున్నా దగ్గరే ఉంది.

డైరెక్టర్ సూర్యప్రకాశరావుకి కాళ్లు నేల మీద ఆనలేదు. ఆయన కాకినాడ మనిషి. ప్రసూనకి ఈ ఉద్యోగం ఇచ్చింది ఆయనే, ఆమె హెచ్-వన్ పొడిగింపూ గ్రీన్ కార్డు ఫైలూ నడిపిస్తున్నదీ ఆయనే. ఈ పరీక్షలకి డబ్బులిచ్చిన కార్ల కంపెనీలో, తామూ ఇలాంటి చిన్న కారు చెయ్యాలా వద్దా అని పెద్ద గొడవ నడుస్తోంది. వద్దనేవాళ్లది పైచేయి. చలికి చచ్చిపోయే చైనా కారు వాళ్లకి పండగ భోజనం. రావు ఆ మధ్యాహ్నానికే ఈ ఫలితంతో స్లైడు తయారు చేయించి పంపేశాడు. గురువారం వాళ్లు గోడ చూడ్డానికి వస్తున్నారు.

మంగళవారం సాయంత్రం ప్రసూన విడిభాగాల జాబితా రాస్తూ ఒక చోట ఆగిపోయింది. బ్యాటరీని వెచ్చబెట్టే హీటర్ ఏదీ? జాబితాలో లేదు. గోడ మీదా లేదు. చైనా ఉత్తరాన మైనస్ ముప్ఫైకి పడిపోయే ఊళ్లున్నాయి. ఆ ఊళ్లలో అమ్మే బండిలో హీటర్ పెట్టకుండా వదిలేసేంత వెర్రివాళ్లా, ఇన్ని తెలివితేటలు చూపించినవాళ్లు? ఆమెకి నమ్మబుద్ధి కాలేదు.

కారు లోపలి లాగ్ తెరిచి చూసింది. పొద్దున ఛార్జింగ్ పెట్టిన దగ్గర్నుంచి ఆ కారు ఒకే మాట నలభైసార్లు రాసుకుంది. మోటార్ నుంచి జవాబు లేదు, మోటార్ నుంచి జవాబు లేదు.

ప్రసూన తలెత్తి గోడ వైపు చూసింది. మోటార్ అక్కడ, నూట పద్నాలుగో నంబరుతో, కడిగి తుడిచి వేలాడుతోంది. ట్యాగు మీద ఆమె సంతకం.

ఛార్జింగ్‌కి మోటార్‌తో పనేముంది? వంద కార్లు విప్పిన ఎవరిని అడిగినా ఇదే అంటారు. అందుకే పరీక్షకి ముందే మోటార్ తీయించి, మోటార్ లేదని కారు గొడవ చెయ్యకుండా కనెక్టర్‌కి డమ్మీ ప్లగ్ పెట్టించింది. అదే కొంప ముంచింది. ఈ కారులో మోటారే హీటర్. బండి నిలబడి ఉన్నప్పుడు మోటార్ తీగచుట్టల్లోంచి కరెంటుని ముందుకీ వెనక్కీ కొట్టి, ఆ ఊపుతో బ్యాటరీని దానికదే వెచ్చబడేలా చేస్తారు. హీటర్ అనే సామానే అక్కర్లేదు. గోడకెక్కించిన మోటార్‌ని ఆ కారు పొద్దున్నంతా పిలిచి పిలిచి, చలిలో ఛార్జింగ్ చేసుకుంటే బ్యాటరీ పాడవుతుందని నోరు మూసుకుని కూర్చుంది. ప్రసూనకి ముందు సిగ్గేసింది. ఆ తర్వాత ఆ కారు చేసినవాళ్లెవరో గానీ వాళ్ల మీద బోలెడంత గౌరవం కలిగింది.

నేరుగా రావు గదికి వెళ్లింది.

"సార్, టెస్ట్ తప్పు. మోటార్ నేనే తీయించిన. అది లేకుంటే బ్యాటరీ వేడెక్కదు."

రావు అంతా విన్నాడు. అర్థం కాకపోవడానికి ఆయనేమీ తెలివితక్కువవాడు కాదు.

"సరేనమ్మా. ఇప్పుడేం చేద్దామంటావ్? స్లైడు వెళ్లిపోయింది. వాళ్లకి నచ్చింది. ఇప్పుడు మేం పొరపాటు చేశామని చెప్తే ఇంకో కాంట్రాక్ట్ ఇస్తారా?"

"మరి అబద్ధం రాసిస్తమా సార్?"

"అబద్ధం ఎక్కడుందీ? టెస్ట్ చేశాం, ఛార్జ్ అవ్వలేదు. అంతే కదా. ఇంకోటి, ఆ మోటార్ తీయించిన సంతకం నీది, నాది కాదు. గురువారం రిపోర్టు మీద సంతకం పెట్టేసెయ్. తర్వాత మెల్లిగా చూసుకుందాం."

మర్నాడు మధ్యాహ్నం లంచ్ టైంలో ఆమె పార్కింగ్‌లో కారులో కూర్చుని భర్త ఫణికి ఫోన్ చేసింది. అతని వీసా ఆమె వీసాకి వేలాడుతోంది, కూతురు ఆద్య ఇక్కడి స్కూల్లో ఏడో క్లాసు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేకపోతే ముగ్గురూ పెట్టెలు సర్దుకోవాలి. అంతా చెప్పి, "ఏం జెయ్యమంటవ్?" అని అడిగింది.

ఫణి తేల్చేశాడు. "నువ్వు సంతకం పెట్టేసొచ్చావనుకో. ఆర్నెల్లు పడుకోకుండా పొర్లుతావ్. నీ పక్కన నేనూ పొర్లాలి. దానికన్నా సామాన్లు సర్దుకోడమే సుఖం. పెట్టకు."

ప్రసూనకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ముక్కు చీదుకుని లోపలికి నడిచింది.

రావు ఆ పూట క్లయింట్లని ఎయిర్‌పోర్టు నుంచి తేవడానికి వెళ్లాడు. ప్రసూన మెకానిక్ గ్లెన్‌ని పిలిచింది. గ్లెన్ ముప్ఫై ఏళ్లు కార్ల ఫ్యాక్టరీలో బోల్టులు బిగించి వచ్చినవాడు. గోడ మీది ముక్కని మళ్లీ కారులో పెట్టమంటే ఆయన బుర్ర గోక్కున్నాడు. ఈ షెడ్డులో ఇన్నేళ్లలో విప్పడమే గానీ బిగించమన్నవాళ్లు లేరన్నాడు. చేతులు మాత్రం మర్చిపోలేదు. సాయంత్రానికల్లా మోటార్ కారెక్కింది, డమ్మీ ప్లగ్ చెత్తబుట్టకెక్కింది. కారుని మళ్లీ చాంబర్‌లోకి తోసి, మైనస్ పాతిక పెట్టి తలుపు మూశారు.

గురువారం పొద్దున పది గంటలకి క్లయింట్లు నలుగురు వచ్చారు. వాళ్లలో పెద్దావిడ కేథరిన్, ఆ కంపెనీ వైస్ ప్రెసిడెంట్. రావు చిరునవ్వుతో గోడ పొడుగునా తిప్పుతూ నూట పద్నాలుగు దగ్గరికొచ్చేసరికి అక్కడ ఖాళీ కొక్కెం ఉంది. ఆయన నవ్వు చెక్కుచెదరలేదు గానీ మెడ ఎర్రబడింది.

"మోటార్ ఏది?" అంది కేథరిన్.

"కార్లో ఉంది," అంది ప్రసూన. "సోమవారం పరీక్షలో అది లేదు. అందుకే కారు ఛార్జ్ కాలేదు. తప్పు నాది. రండి, చూపిస్తాను."

రావు ఏదో అనేలోపే ఆమె నడిచేసింది. వాళ్లూ వెనకాలే వచ్చారు. చాంబర్ కిటికీ అవతల కారు మంచు పొడి పట్టి తెల్లగా ఉంది. గ్లెన్ లోపలికి వెళ్లి ఛార్జింగ్ ప్లగ్ పెట్టి వచ్చాడు. చక్రాలు కదల్లేదు, మోటార్ మాత్రం సన్నగా కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. బ్యాటరీ వేడి ఒక్కో డిగ్రీ పెరుగుతోంది. ఇరవై నిమిషాలు ఎవరూ కిటికీ వదల్లేదు. ఇరవై ఒకటో నిమిషంలో మీటరు సున్నా దాటింది, దాటి పరుగెత్తింది.

"హీటర్ లేకుండా," అని కేథరిన్ తనలో తను అనుకుంది. ఆమె మొహంలో ఒక్క క్షణం ఇంజినీరు కనిపించింది. వెంటనే ఆ చోట వైస్ ప్రెసిడెంటు వచ్చి కూర్చుంది. వచ్చే వారం తమ బోర్డు మీటింగు ఉందనీ, సోమవారం పెట్టిన పరీక్ష ఫలితం ఇప్పటికే చాలామందికి చేరిపోయిందనీ చెప్పింది. ఆ పరీక్ష జరిగిన మాట నిజమే కదా, దాన్ని దానిలాగే రిపోర్టులో ఉంచితే నష్టమేమిటని అడిగింది.

"తప్పకుండా," అన్నాడు రావు. "ఈ రోజుది ఊరికే డెమో."

అచ్చేసిన రిపోర్టు బల్ల మీద ఉంది. విప్పిన ఇంజినీరు సంతకం లేనిదే అది చెల్లదని వాళ్ల ఒప్పందంలోనే ఉంది. అందరూ ప్రసూన వైపు చూశారు. ఆమె పెన్ను తియ్యలేదు.

అప్పుడు సూర్యప్రకాశరావు ఎప్పుడూ చేసే పనే చేశాడు. తెల్లవాళ్ల ముందు మనవాళ్లని బెదిరించాలంటే ఆయన నవ్వుతూ తెలుగులోకి దిగిపోతాడు. చూసేవాళ్లకి మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది. ఈ షెడ్డులో ఎంతమంది తెలుగు పిల్లలు ఆ నవ్వుకి తలొంచుకుని సంతకాలు పెట్టారో లెక్క లేదు.

"ప్రసూనా," అన్నాడు తియ్యగా, "నీ వీసా ఫైలు నా టేబుల్ మీదే ఉందమ్మా. పాప చదువు కూడా గుర్తుంచుకో. సంతకం పెట్టి పక్కకెళ్లు."

ప్రసూనకి భయం వేసింది, వెయ్యలేదంటే అబద్ధం. దానికన్నా ఎక్కువగా కోపం వచ్చింది. ఇదే మాట ఇంగ్లీషులో అనే ధైర్యం లేక కదా, అమ్మభాషని ఇంత నీచానికి వాడుకుంటున్నాడు!

ఆమె కేథరిన్ వైపు తిరిగి, షెడ్డంతా వినపడేలా ఇంగ్లీషులో చెప్పింది. "రావుగారు ఇప్పుడు నాతో ఏమన్నారో చెప్తాను. నా వీసా ఫైలు ఆయన టేబుల్ మీద ఉందట. నా కూతురి చదువు గుర్తుంచుకుని సంతకం పెట్టమంటున్నారు. నాకు అంతా గుర్తుంది. సోమవారం ఆ కారులో మోటార్ లేదని కూడా గుర్తుంది."

ఎక్కడో ఒక పానా కింద పడిన చప్పుడైంది. క్లయింట్లలో ఒకాయన నేల వైపు చూశాడు. కేథరిన్ రావుని చూస్తూ ఉండిపోయింది.

ప్రసూన పెన్ను తీసింది. రిపోర్టు మొదటి పేజీ మీద, ఆ స్లైడు బొమ్మకి అడ్డంగా, పెద్ద అక్షరాలతో రాసింది. ఈ పరీక్ష చెల్లదు, మోటార్ లేకుండా చేశాం, తీయించింది నేను. కింద పూర్తి పేరుతో సంతకం పెట్టి, తేదీ వేసి, రావుకి ఇవ్వకుండా కేథరిన్ చేతిలో పెట్టింది.

రావు నోరు తెరిచాడు. ఈసారి ఏం అనాలన్నా ఇంగ్లీషులోనే అనాలి.